పలకల కొట్టు అని రాసిన ఇల్లు

ఇల్లో పొలమో చేతులు మారేటప్పుడు రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట బల్ల వేసుకుని ఆ కాగితం తయారుచేసేవాణ్ణి దస్తావేజు లేఖరి అంటారు. నేను ఆ పని గిద్దలూరులో కొన్నాళ్లు, తర్వాత మార్కాపురంలో చాలా ఏళ్లు చేశాను. పోయినేడు బల్ల ఎత్తేశాను. నా పేరు మస్తాన్.

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు అప్పుడప్పుడూ ఇంటికి వస్తుంటారు. దస్తావేజుకు ఎంత తీసుకోవాలి, ఆఫీసులో ఎవరితో మంచిగా ఉండాలి, ఏ రోజు సర్వరు పనిచెయ్యదు, ఇవీ వాళ్లు అడిగేవి. అవన్నీ ఆరు నెలలు ఎండలో కూర్చుంటే ఎవరికైనా వస్తాయి. వాటి కోసం నేను కాగితం ఖరాబు చెయ్యను. నేను రాయబోయేది ఒకే ఒక్క ఇంటి గురించి. రెండు గదులు, ముందొక వసారా. ఆ ఇంటి కాగితంలో నేను రాసిన ఒక్క మాట వల్ల ఒక మనిషి పోయాడని ఏ కోర్టూ తేల్చలేదు. నాకు మాత్రం తెలుసు.

పంతులు గారు

నాకు పని నేర్పింది పంతులు గారు. ఆయనకు వేరే పేరుంది గానీ ఆ పేరు చెప్పి అడిగితే గిద్దలూరులో ఇల్లు చూపించేవాళ్లు ఉండేవారు కాదు. మా నాయన ఆయనింటికి ఎదురుగా సైకిళ్లు బాగుచేసేవాడు. ఒకరోజు నా నోటుపుస్తకం చూసి, "సాయిబూ, వీడిది పానా పట్టే చెయ్యి కాదు, నా దగ్గరికి పంపు" అని అడిగి తీసుకుపోయాడు. జీతం లేదు. మధ్యాహ్నం వాళ్ల అరుగు మీద మజ్జిగన్నం పెట్టేవారు. ఊరగాయ మాత్రం ఆయన చేత్తో వడ్డించేవాడు.

ఆయన నాకు నేర్పినవి చాలా ఉన్నాయి గానీ చివరికి మిగిలినవి రెండే.

మొదటిది చెక్కుబంది గురించి. ఆస్తికి నాలుగు దిక్కులా ఏముందో రాసే భాగాన్ని మేం చెక్కుబంది అంటాం. దాని పక్కనే ఆస్తి వర్ణన ఉంటుంది. "ఒరేయ్ మస్తానూ, పాత దస్తావేజులో ఎట్లుంటే అట్లనే దించు. చచ్చినోడి పేరుంటే చచ్చినోడి పేరే రాయి. ఎండిపోయిన బావి ఉంటే బావి అనే రాయి. నీ తెలివి దాంట్లో కలపబాక" అనేవాడు. ఊరికే అన్న మాట కాదది. ఆయన తోటి లేఖరి ఒకాయన పొలం హద్దులో 'నాగజెముడు కంచె' అని ఉన్నదాన్ని, ఇప్పుడు నాగజెముడు లేదు గదా అని 'గట్టు' అని మార్చాడు. ఆ గట్టు ఎవరిదని అన్నదమ్ముల పిల్లలు కోర్టులో జుట్లు నెరిసేదాకా కొట్టుకున్నారు. అందుకే మా పడమటి తాలూకాల్లో లేఖరులందరికీ ఇదొక వ్రతం. పాత కాగితంలో అక్షరం మారదు.

రెండోది సవరణ దస్తావేజు గురించి. రిజిస్టరైన కాగితంలో తప్పు దొర్లితే, అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ మళ్లీ వచ్చి, ఫలానా చోట ఫలానా మాట తప్పుగా పడింది, ఇట్లా చదువుకోవాలి అని ఇంకో కాగితం మీద సంతకాలు పెడతారు. దాన్నే సవరణ దస్తావేజు అంటారు. అది రికార్డులో ఎప్పటికీ ఉంటుంది. కాగితం చివర రాసినవాడి పేరుంటుంది కాబట్టి, తప్పెవరిదో కూడా ఎప్పటికీ ఉంటుంది. "సవరణ రాసినోడి బల్ల దగ్గరికి మళ్లీ ఎవుడొస్తాడ్రా?" అనేవాడు పంతులు గారు. ఆయన పోయేనాటికి ఆయన పేరు మీద సవరణ ఒక్కటి కూడా లేదు. నేనూ అట్లాగే పోవాలనుకున్నాను.

ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవమే. కానీ పెద్దవాళ్లు చెప్పిన మాటల్లో ఏది పనికి సంబంధించిందో, ఏది వాళ్ల పరువుకు సంబంధించిందో వేరుచేసుకోవడం నేర్చుకోండి. మొదటి మాట సగం నిజం. రెండోది ఉత్త పరువు.

గిద్దలూరులో తిరిగొచ్చిన డబ్బు

ఇల్లు కొంటే ప్రభుత్వానికి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలి. మనం ఎంతకు కొన్నామన్నది ఒక్కటే చూడరు. ఆ వీధిలో గజం ఇంత అని ప్రభుత్వం ఒక విలువ కడుతుంది. నివాసమైతే ఒక రేటు, దుకాణమైతే దానికి దాదాపు రెట్టింపు. పొరపాటున ఎక్కువ కడితే తిరిగి అడగవచ్చు. కాకపోతే గడువు ఉంటుంది, అది నెలల్లో ఉంటుంది. సంవత్సరాల్లో ఉండదు.

గిద్దలూరులో ఒక కాంట్రాక్టరు అద్దెకిచ్చుకోడానికి రెండో ఇల్లు కొన్నాడు. చలానా రెండుసార్లు పడింది. వారం లోపలే నేను అర్జీ రాశాను. మేం పై ఆఫీసు అని పిలుచుకునే జిల్లా ఆఫీసుకు ఆయనే కారులో తీసుకుపోయాడు. కొన్ని నెలలకు డబ్బు తిరిగి ఆయన ఖాతాలో పడింది. కిలో పాలకోవా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆ రోజు నుంచి నాకొక మాట అలవాటైంది. ఎవరైనా కౌంటరు దగ్గర తటపటాయిస్తే, "కట్టెయ్యండి, ఎక్కువైతే తిరిగొస్తుంది" అనేవాణ్ణి. ఆ డబ్బు తిరిగిరావడానికి కారణం నా తెలివి కాదు. తప్పు యంత్రానిది, ఎవరి ముఖమూ చిన్నబోలేదు, గడువు కూడా ఉంది. ఇదంతా నాకు అప్పట్లో తట్టలేదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. రెండో ఇల్లు కొనేవాళ్లంటే మా బల్లల దగ్గర ఎవరికీ జాలి ఉండదు. ఒక ఇల్లుండగా ఇంకోటి కొన్నవాడికి యాభై వేలు ఇవాళొస్తే ఏంటి, రేపొస్తే ఏంటి అనుకుంటాం. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి.

తిరుపతమ్మ, గురవయ్య

వాళ్లది పుల్లలచెరువు అవతల, అడవి అంచున ఒక పల్లె. కంది, మిరప వేసేవాళ్లు. గురవయ్యకు రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. మా వైపు ఫ్లోరైడు నీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. వారానికి మూడుసార్లు మార్కాపురం ఆసుపత్రికి వచ్చి, నాలుగు గంటలు డయాలసిస్ మిషన్ మీద ఉండి, సాయంత్రం బస్సుకు పోవాలి. ఊరి నుంచి రోడ్డు దాకా ఆటో, అక్కణ్ణుంచి ఎర్రగొండపాలెం, అక్కడ బస్సు మారడం. తిరుగు ప్రయాణంలో అతను బస్సులోనే వాంతులు చేసుకునేవాడు. తిరుపతమ్మ చీర కొంగు తడిపి అతని మొహం తుడుస్తూ తీసుకుపోయేది.

రెండున్నర ఎకరాలు అమ్మి, ఆసుపత్రికి పది నిమిషాల నడకలో ఆ రెండు గదుల ఇల్లు మాట్లాడుకున్నారు. ఊళ్లో ఇల్లుండగా టౌనులో ఇంకో ఇల్లెందుకని వాళ్ల బంధువులు నవ్వారట. తిరుపతమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి, "అన్నా, నువ్వు రాస్తే తిరుగుండదని చెప్పినారు" అంది. ఆమె నన్ను అన్నా అనేసరికి, గురవయ్య వెంటనే వరస కలిపేశాడు. "అయితే నువ్వు నాకు బావవి. బావమరిది ఇల్లు కొంటాంటే ఫీజు తీసుకుంటావా ఏంది?" అన్నాడు. మనిషి చిక్కి సగమయ్యాడు గానీ నోరు మాత్రం చిక్కలేదు. నాకతను మొదటి రోజే నచ్చాడు.

ఇల్లు అమ్మేది వినుకొండలో స్థిరపడ్డ ఒక పలకల వ్యాపారి కొడుకు. బడిపిల్లల పలకలకు మార్కాపురం ఒకప్పుడు ఎంత పేరో మీకు తెలుసు. వాళ్ల నాన్న ఆ గదుల్లో పలకలకు చట్రాలు బిగించి, ముందు వసారాలో పెట్టి అమ్మేవాడు. వ్యాపారం మూతపడ్డాక అందులో కాపురాలే ఉన్నాయి, తర్వాత కొన్నేళ్లు ఖాళీ. పాత దస్తావేజులో మాత్రం 'పలకల కొట్టు గదులు రెండు, ముందు కొట్టు వసారా' అని ఉంది.

నేను దాన్ని అట్లాగే దించాను. పోయి ఇల్లు చూడలేదు. నా బల్ల నుంచి ఆ వీధికి ఎక్కువ దూరం కూడా కాదు.

రిజిస్ట్రేషన్ రోజు కంప్యూటరు దగ్గర కూర్చునే అమ్మాయి కాగితం చదివి నన్ను పిలిచింది. "మస్తాన్ గారూ, దీంట్లో కొట్టు అని ఉంది. కొట్టంటే కమర్షియల్ రేటు పడతాది. కాపురముండే ఇల్లయితే ఇల్లని మార్చి రేపు తీసుకురాండి" అంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. మంచికే చెప్పింది.

"పాత లింకు దస్తావేజులో ఉన్న మాటమ్మా. నేనెట్ల మారుస్తాను?" అన్నాను.

మార్చవచ్చు. 'పూర్వం పలకల కొట్టు, ప్రస్తుతం నివాస గృహం' అని రాస్తే సరిపోయేది. పాత మాటా ఉండేది, ఉన్న సంగతీ ఉండేది. ఆ ఒక్క వాక్యం నాకు ఆ రోజు తోచలేదంటే అబద్ధం. తోచింది. నలుగురిలో ఒక చిన్నపిల్ల నా కాగితాన్ని తిప్పి పంపడం నచ్చలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం నేను. పైగా అమ్మినతను మధ్యాహ్నం రైలుకు పోవాలని తొందరపడుతున్నాడు.

తేడా యాభై ఎనిమిది వేల చిల్లర వచ్చింది. తిరుపతమ్మ దగ్గర ఆ డబ్బుంది. ఆ ఇంటికి పగిలిన రేకులు మార్చడానికి, నేల గచ్చు చెయ్యడానికి, బాత్రూము కట్టడానికి విడిగా గుడ్డసంచిలో పెట్టుకుంది. శుభ్రమైన గది, దగ్గర్లో బాత్రూము లేకుండా అతన్ని ఉంచొద్దని ఆసుపత్రిలో గట్టిగా చెప్పారు.

"ఇది గూడా పోతే ఇంట్లోకి ఎట్ల పోవాలన్నా?" అంది.

"ఎక్కడికీ పోదు తల్లీ. కట్టెయ్యి. తిరిగొస్తుంది. నాదీ పూచీ" అన్నాను.

ఆమె ఇంకా సంచి విప్పలేదు. గురవయ్యే, "బావ చెప్పినాడు గదా, కట్టు" అన్నాడు. ఆమె కట్టింది. ఆ సాయంత్రమే వాళ్లిద్దరూ బజారుకు పోయి ఒక ఇనుప మంచం కొని ఆ ఇంట్లో వేసుకున్నారు. "మిషన్ దిగినాక నడుం వాల్చేదానికి" అని నాకు చెప్పి మురిసిపోయాడు.

అర్జీ

అర్జీ రాశాను. ఇల్లు నివాసమే అయినా దుకాణం రేటు వసూలు చేశారు, అదనపు డ్యూటీ తిరిగి ఇప్పించగలరని. పై ఆఫీసుకు పోయి ఇచ్చి ముద్ర వేయించుకుని వచ్చాను.

అప్పటి నుంచి వారానికి మూడు రోజులు తిరుపతమ్మ నా బల్ల దగ్గరికి వచ్చేది. గురవయ్యను మిషన్ మీద పడుకోబెట్టి, ఆ నాలుగు గంటల్లో ఒక గంట నా దగ్గర కూర్చునేది. ఊరికే వచ్చేది కాదు. ఒకసారి కందులు, ఒకసారి ఎండుమిరపకాయలు, ఇంకోసారి దోసకాయలు. "వచ్చిందాన్నా?" అని అడిగేది. "ఇంకా లేదమ్మా" అనేవాణ్ణి. అంతే. రేకులు మార్చనిదే ఆ ఇంట్లో ఉండలేరు, మళ్లీ బస్సు.

రెండు నెలలకు జవాబొచ్చింది. దస్తావేజులో కొట్టు అని స్పష్టంగా ఉన్నందున వసూలు సరైనదే, వర్ణన తప్పని మీరు భావిస్తే సవరణ దస్తావేజు జతచేసి గడువులోగా మళ్లీ దరఖాస్తు చేసుకోవలెను. ఇదీ దాని సారాంశం. ఇంత సూటిగా దారి చూపించిన జవాబు నా వృత్తిలో చాలా తక్కువ చూశాను. అమ్మినతను వినుకొండలోనే ఉన్నాడు, ఫోను చేస్తే వస్తాడు. ఒక్క పూట పని.

నేను ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, సొరుగులో అడుగున పెట్టాను. సవరణ రాస్తే నా పేరు మీద మొదటి సవరణ పడుతుంది. బల్ల ఎత్తేసే ముందు అదొక మచ్చ. ఆ రోజే తిరుపతమ్మ కందులు తెచ్చింది.

"జవాబేమన్నా వచ్చిందాన్నా?"

"పై ఆఫీసులో కదలడం లేదమ్మా. వాళ్లతో అంతే."

"వాళ్ల చేతులు పడిపోను! రోగిష్టోళ్ల సొమ్ము తిని ఏం బాగుపడతారన్నా వాళ్లు?" అంది.

ఆ తిట్లు ఎవరికి తగలాలో నాకు తెలుసు. తగలాల్సినవాడు ఆమె ఎదురుగా కూర్చుని, ఆమె తెచ్చిన కందులు డబ్బాలో పోసుకుంటున్నాడు.

ఇంకో అర్జీ రాశాను. ఈసారి ఇంటి ఫోటోలు పెట్టాను. పెద్ద పెద్ద మాటలు వాడాను. తప్పు ఆఫీసుదేనని మూడు పేజీలు వాదించాను. అంత బాగా రాసిన కాగితం నా జీవితంలో ఇంకోటి లేదు. దానికి జవాబు రాలేదు, రావాల్సిన అవసరమూ లేదు. అడిగింది ఇవ్వకుండా ఎంత బాగా రాస్తే ఏం లాభం?

ఒకసారి మిషన్ దిగాక గురవయ్య కూడా వచ్చాడు. నడవలేక నా బెంచీ మీద కూలబడ్డాడు. మనిషి మొహం పాలిపోయి ఉంది. టీ తెప్పిస్తే రెండు గుక్కలే తాగాడు. వాళ్లకు నీళ్లు కూడా లెక్క ప్రకారమే తాగాలి. "బావా, ఇదేం విడ్డూరమో చూడు. నా ఇల్లు ఆ సందులోనే ఉంది. నేనేమో బస్టాండుకు పోతాండా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నాకు నా మీద అసహ్యం పుడుతుంది.

ఆ యాభై ఎనిమిది వేలు నా దగ్గర లేవా అంటే ఉన్నాయి. ఆ మాట కూడా రాయాలి. వాళ్ల చేతిలో పెట్టి, రేకులు వేయించుకోండి, అది వచ్చాక నాకిద్దురు అనొచ్చు. అట్లా ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టే అవుతుందని ఇవ్వలేదు. గడువు ఎప్పుడు దాటిందో నాకు తేదీతో సహా తెలుసు. ఆ రోజు కూడా బల్ల మీద ఎవరిదో పొలం దస్తావేజు రాస్తూ కూర్చున్నాను.

వాగు

కార్తీకంలో తుఫాను పట్టింది. మూడు రోజులు వాన వదల్లేదు. వాళ్ల ఊరికీ రోడ్డుకూ మధ్య వాగు పొంగింది. ఆటోలు లేవు, బస్సులు లేవు. గురవయ్య మిషన్ ఒకటి తప్పింది. రెండోది కూడా తప్పింది. ఒళ్లంతా నీరు చేరి, ఊపిరి ఆడక, నాలుగో రోజు తెల్లవారుజామున ట్రాక్టరు మీద వాగు దాటిస్తుండగా పోయాడు.

మార్కాపురంలో కూడా వాన పడింది. ఆసుపత్రి వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ఆ ఇంటి నుంచి ఆసుపత్రికి ఆ నీళ్లలో నడిచినా పావుగంట పడుతుంది. మిషన్ ఆ మూడు రోజులూ పనిచేస్తూనే ఉంది. నేను పోయి అడిగి తెలుసుకున్నాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు.

పదో రోజు అయ్యాక వినుకొండకు ఫోను చేశాను. అమ్మినతను మరుసటి రోజే వచ్చాడు. "దీనికేముంది సాయిబు గారూ, అప్పుడే పిలిచుంటే వచ్చేవాణ్ణి" అన్నాడు. తిరుపతమ్మకు కూడా కబురుపెట్టాను. ఒక్క సంతకం అవసరమని మాత్రమే చెప్పాను. ఆమె వాళ్ల తమ్ముడితో వచ్చింది. చదివి వినిపించకుండా ఎవరిచేతా సంతకం పెట్టించకూడదన్నది మా పనిలో నియమం. చదివాను. 'లేఖరి పొరపాటున కొట్టు అని వ్రాయబడినది' అన్న ముక్క కూడా వదలకుండా చదివాను.

ఆమె, "ఈ కాగితం ముందే రాసుంటే డబ్బులొచ్చేటియా?" అంది.

"వచ్చేవమ్మా."

"నీకెప్పుడు తెలిసిందన్నా?"

అబద్ధం చెప్పడానికి నాకు ఇంకా అవకాశం ఉంది. "నువ్వు కందులు తెచ్చిన రోజు" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకోలేదు, అరవలేదు. "మా ఆయన చివరిదాకా ఆ పై ఆఫీసోళ్లనే తిట్టుకుంటా పోయినాడు. ముక్కూ మొహం తెలియనోళ్లను. నిన్ను ఒక్క మాట అనలేదన్నా. బావ తిరగతానే ఉండాడు, పాపం అనేటోడు" అంది. వేలిముద్ర వేసి, చీర కొంగుకు సిరా తుడుచుకుని వెళ్లిపోయింది.

సవరణ జతచేసి మళ్లీ అర్జీ పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. గడువు దాటినందున తిరస్కరించడమైనది అని వారంలో జవాబొచ్చింది. అంత తొందరగా జవాబు రావడం అదే మొదటిసారి.

నా డబ్బు యాభై ఎనిమిది వేలు పట్టుకుని వాళ్ల ఊరికి పోయాను. వద్దంటుందేమో అని లోపల ఒక ఆశ ఉండింది. వద్దంటే నాకు కొంచెం తేలికయ్యేది. ఆమె తీసుకుంది. లెక్కపెట్టుకుని, బియ్యం డబ్బాలో పెట్టి, "బస్సుకు పొద్దుపోతాది, పో అన్నా" అంది. మంచినీళ్లు ఇచ్చింది. కూర్చోమనలేదు.

చివరి కాగితం

వేసవి ముందు ఆ ఇంటిని అమ్మకానికి పెట్టింది. కొనేవాడు ఆ వీధిలోనే ఉండే ఆటో అతను. వేరే లేఖరి దగ్గరికి పోతుందనుకున్నాను. పోవాలి కూడా. కానీ నా బల్ల దగ్గరికే వచ్చింది.

"ఇంకోళ్ల దగ్గరికి పోతే మొదటి నుంచీ చెప్పాల. నాకు చెప్పే ఓపిక లేదు. నీకైతే తెలుసు గదా" అంది. తర్వాత, "ఈసారన్నా పోయి చూసి రాయి" అంది.

ఆమె వెంట పోయాను. పంతులు గారి దగ్గర నేర్చుకున్నప్పటి నుంచీ ఇల్లు చూసి చెక్కుబంది రాయడం నాకు అదే మొదటిసారి. టేపు పట్టుకుని నాలుగు వైపులా తిరిగాను. తూర్పున పాత కాగితంలో ఉన్న ఇంకో పలకల వ్యాపారి ఇల్లు లేదు, కుళాయి ఉంది. ఉత్తరాన మునిసిపాలిటీ సిమెంటు రోడ్డు. పడమర ఒక టైలరమ్మ ఇల్లు, దక్షిణాన ఖాళీ జాగా, దాంట్లో పలకరాళ్ల ముక్కల గుట్ట. పాత చెక్కుబందిలో ఉన్న నలుగురిలో బతికున్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఆమె తాళం తీసింది. తుప్పుపట్టి ఉంటే రెండుమూడుసార్లు తిప్పాల్సొచ్చింది. లోపల పగిలిన రేకుల్లోంచి ఎండ పడుతోంది. నేల మీద వాననీళ్ల చారలు. పక్క గదిలోకి పోతే ఆ మంచం ఉంది. రేకుల కింద తడవని మూలకు జరిపి ఉంది. కొన్నప్పుడు చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. దాని మీద చెయ్యి పెడితే దుమ్ము అంటుకుంది.

"దీన్ని ఊరికి తీసుకుపోవా అమ్మా?" అన్నాను.

"తీసుకుపోయి ఎవర్ని పడుకోబెట్టాలన్నా?" అంది. నేను తల వంచుకుని కొలతలు రాసుకున్నాను.

దస్తావేజు రాశాను. రెండు గదులు, వసారా, నివాస గృహం. నాలుగు దిక్కులా ఏముందో ఉన్నది ఉన్నట్టు రాశాను. చదివి వినిపిస్తే ఆమె మొత్తం విని, "సరిపోయింది" అంది. ఆ రోజే బల్ల ఎత్తేశాను.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే. పాత కాగితం దించే ముందు ఒకసారి పోయి చూడండి. తప్పు మీదని తెలిసిన రోజే సవరణ రాయండి, మరుసటి రోజు దాకా ఆగకండి. మిమ్మల్ని అన్నా అని పిలిచేవాళ్ల దగ్గర ఇంకా తొందరగా రాయండి.

ఇంటి దస్తావేజులో తలుపులు, కిటికీలు, దూలాలు రాస్తాం. లోపలి సామాను రాయకూడదు, అది నియమం. అందుకని ఆ మంచాన్ని ఆ కాగితంలో రాయలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను: పడమటి గదిలో, ఇనుప మంచం ఒకటి, ఎవరూ పడుకోనిది.